రంగు చెప్పే అర్థాన్ని బట్టి డిజిటల్ ఫోటోలను వెతకడం ఎలా

విశాఖపట్నంలో ఇళ్లలోనూ, సాంస్కృతిక సంఘాల్లోనూ, కళాశాలల్లోనూ, పత్రికా కార్యాలయాల్లోనూ ఇప్పుడు వేల సంఖ్యలో డిజిటల్ ఫోటోలు పోగుపడి ఉన్నాయి. వాటిలోంచి ఎర్రచీర ఉన్న ఫోటోను తీయడం పెద్ద పని కాదు. పెళ్లికళ ఉన్న ఫోటో కావాలనో, దీక్షలో ఉన్న భక్తుల ఫోటో కావాలనో, తుపాను తర్వాత బోసిపోయిన కొండ ఫోటో కావాలనో ఎవరైనా అడిగినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఈ కోరికలన్నిటి వెనుకా ఒక రంగు ఉంటుంది. అయితే అడిగినవారికి కావలసింది ఆ రంగు ఆ సందర్భంలో చెబుతున్న మాట. కంప్యూటరుకు తెలిసింది ప్రతి పిక్సెల్‌లోనూ ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లను చెప్పే మూడు అంకెలు మాత్రమే. ఆ అంకెల చుట్టూ కాలాన్ని, చోటును, పక్కనున్న వస్తువును చేర్చి అర్థాన్ని మీరే కట్టి ఇవ్వాలి. ఆ పనిని ఏ వరుసలో చేస్తే ఫలితం ఉంటుందో, మన ఊరి ఫోటోలనే ఉదాహరణగా తీసుకుని కింద వివరిస్తున్నాను.

మొదట ప్రశ్నను ఒక పూర్తి వాక్యంగా రాసుకోండి

సాఫ్ట్‌వేర్ తెరవకముందే మీకు కావలసినదాన్ని కాగితం మీద రాయండి. ఆ వాక్యంలో మూడు సంగతులు తప్పక ఉండాలి: ఆ రంగుకు ఆ అర్థం ఎవరి దృష్టిలో ఉంది, ఏ సందర్భంలో ఉంది, ఏ వస్తువు మీద ఉంది. నలుపునే తీసుకోండి. మన పెళ్లిళ్లలోనూ శుభకార్యాల్లోనూ నల్లబట్టలు కట్టుకోవడానికి పెద్దలు ఒప్పుకోరు. అదే నలుపును కార్తీకమాసంలో అయ్యప్ప మాల వేసుకున్న భక్తుడు నలభైఒక్క రోజులు నిష్ఠగా ధరిస్తాడు. న్యాయస్థానం ఆవరణలో తీసిన ఫోటోలో కనిపించే నల్లకోటుకు ఈ రెంటితోనూ సంబంధం లేదు. కేవలం నలుపు అని వెతికితే ఈ మూడూ, వాటితోపాటు రాత్రివేళ తీసిన ప్రతి ఫోటో, మీ ముందు కుప్పగా పడతాయి. "నవంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకు తీసిన ఫోటోల్లో, నడుము నుంచి కింది వరకు నల్లని వస్త్రం ధరించి, మెడలో మాల ఉన్న మనుషులు" అని రాసుకుంటే మీరు వెతకవలసిన చోటు అప్పటికే చాలావరకు కుదించుకుపోతుంది. విజయవాడ కనకదుర్గమ్మకు భవానీ దీక్ష పట్టినవారి ఎర్రవస్త్రాలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. అక్కడ ఎరుపు పెళ్లిని కాక వ్రతాన్ని చెబుతుంది.

వాక్యం రాయలేకపోతున్నారంటే ప్రశ్న ఇంకా తేలలేదని అర్థం చేసుకోండి. అడిగినవారితో మరోసారి మాట్లాడటం, గంటల తరబడి ఫోటోలు తిరగేయడం కంటే మేలు.

అర్థాన్ని కంటికి కనిపించే గుర్తులుగా విడగొట్టండి

ప్రతి రంగునూ మూడు కొలతలుగా చూడటం అలవాటు చేసుకోండి. ఛాయ అంటే అది ఎరుపా, పసుపా, నీలమా అన్నది. దీన్ని 0 నుంచి 360 డిగ్రీల వలయంగా లెక్కిస్తారు. గాఢత అంటే ఆ రంగు ఎంత చిక్కగా ఉందో, ఎంత వెలిసినట్టుగా ఉందో చెప్పేది. వెలుగు అంటే అది ఎంత ప్రకాశంగా ఉందన్నది. హెచ్‌ఎస్‌వి అని పిలిచే పద్ధతిలో ఈ మూడూ విడివిడిగా దొరుకుతాయి కాబట్టి, అర్థంతో వెతికేవారికి ఎరుపు-ఆకుపచ్చ-నీలం అంకెల కంటే ఇదే అనుకూలం.

ఈ విభజన ఎందుకంత అవసరమో సింహాచలం ఫోటోలు చూస్తే తెలుస్తుంది. వరాహ లక్ష్మీనృసింహస్వామి ఏడాది పొడవునా చందనపు పూతలో ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియనాడు జరిగే చందనోత్సవంలో మాత్రమే నిజరూప దర్శనం. ఉత్సవానికి ముందు ఆలయంలో చందనం అరగదీసే దృశ్యాలు మీ సేకరణలో ఉన్నాయనుకోండి. అరగదీసిన చందనపు ముద్ద ఛాయ సుమారు 35 నుంచి 45 డిగ్రీల మధ్య పడుతుంది. తడి పసుపు ఛాయ కూడా దాదాపు అక్కడే పడుతుంది. ఛాయ ఒక్కదానితో వెతికితే చందనమూ, పసుపు రాసిన గడపా ఒకే వరుసలో వచ్చి కూర్చుంటాయి. రెంటినీ విడదీసేది గాఢత: పసుపులో అది తరచు 60 శాతం దాటి ఉంటుంది, చందనంలో 20 నుంచి 40 శాతం మధ్యన మెత్తగా ఉంటుంది. ఇక్కడ గాఢతకు ఒక గీత గీస్తే చాలు, ఒకటి మంగళకరమైన అలంకారానికీ మరొకటి చల్లదనానికీ పరిమళానికీ గుర్తుగా వేర్వేరు ఫలితాలుగా చీలిపోతాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకూ కాషాయ వస్త్రానికీ ఇలాంటి పోలికే ఉంది. దిబ్బల ఛాయ కొంచెం ఎరుపు వైపు, కాషాయం కొంచెం నారింజ వైపు ఉన్నా, సాయంకాలపు ఎండలో రెండూ కలిసిపోతాయి. అక్కడ గాఢత కూడా చాలదు. ఆ రంగు ఫోటో అడుగుభాగమంతా పరుచుకుందా, మనిషి ఆకారంలో నిలువుగా ఉందా అన్నది చూడాలి.

కాబట్టి ఛాయ, గాఢత, వెలుగులతో పాటు మరో మూడు గుర్తులు రాసుకోండి: ఆ రంగు ఫోటోలో ఎంత మేర ఉండాలి, ఏ భాగంలో ఉండాలి, దాని పక్కన ఏ రంగు ఉండాలి. నా అనుభవంలో ఈ ఆరింటిలో అర్థానికి అన్నిటికంటే దగ్గరగా తీసుకెళ్లేది చివరిది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి ఫోటోలను గమనించండి. ఆ గుడికి పైకప్పు లేదు, భక్తులే స్వయంగా అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పిస్తారు. పసుపు ఒక్కటే వెతికితే అరకులోయ వలిసెపూల తోటలు, ఆటోల పైభాగాలు, తెలుగుదేశం పార్టీ జెండాలు, బంతిపూల బుట్టలు అన్నీ వస్తాయి. పసుపునూ దాన్ని ఆనుకుని ఉన్న కుంకుమ ఎరుపునూ జంటగా అడిగితే వాటిలో చాలావరకు తప్పుకుంటాయి. మార్గశిర మాసంలో గురువారాలు అమ్మవారికి విశేషమైనవి కాబట్టి, తేదీ వడపోతలో ఆ మాసపు గురువారాలను మాత్రమే ఉంచితే మిగిలేవి దాదాపు మీకు కావలసినవే.

రంగు విలువలను మీ ఫోటోల నుంచే తీసుకోండి

కుంకుమ రంగు అని ఎక్కడో ఒక పట్టికలో ఇచ్చిన అంకెను తెచ్చి వాడకండి. జింప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫోటో తెరిచి, రంగు ఎంచే పరికరాన్ని తీసుకుని, ఒక్క పిక్సెల్ కాక చుట్టుపక్కల పిక్సెళ్ల సగటు తీసుకునే ఎంపికను పెట్టుకోండి. ఉదయపు ఎండలో, నీడలో, ఫ్లాష్ వెలుగులో, లోపలి దీపాల కింద తీసిన ఫోటోలను కనీసం పది ఎంచుకుని, ఒక్కొక్కదానిలో మూడు నాలుగు చోట్ల కొలిచి రాయండి. వాటిలో అతి చిన్న, అతి పెద్ద విలువల మధ్య దూరమే మీ వెతుకులాట హద్దు.

ఎరుపు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ఛాయ వలయంలో ఎరుపు సరిగ్గా 0 దగ్గర, అంటే 360 దగ్గరే ఉంటుంది. కుంకుమ విలువలు కొన్ని 350 దగ్గరా, కొన్ని 5 దగ్గరా పడతాయి. 5 నుంచి 350 వరకు అని హద్దు పెడితే ఎరుపు తప్ప మిగిలిన రంగులన్నీ వస్తాయి. 345 నుంచి 360 వరకు ఒకటి, 0 నుంచి 10 వరకు మరొకటి, ఇలా రెండు హద్దులు పెట్టి ఫలితాలను కలపండి. పైథాన్‌లో ఓపెన్‌సీవీ అనే బొమ్మల విశ్లేషణ సాధనాన్ని వాడేవారు అక్కడ ఛాయను 0 నుంచి 179 వరకే లెక్కిస్తారని, అంటే డిగ్రీలను సగం చేసి రాయాలని గుర్తుంచుకోండి. నలుపు, తెలుపు, బూడిద రంగులకు ఛాయకు విలువే లేదు; వాటిని గాఢత, వెలుగుల ద్వారానే పట్టుకోవాలి.

రెండు రంగులు ఎంత దగ్గరివో కొలవవలసి వచ్చినప్పుడు 1976లో ప్రమాణంగా వచ్చిన సీఐఈ ల్యాబ్ అనే రంగుల కొలత పద్ధతి మెరుగైనది, ఎందుకంటే అందులో అంకెల మధ్య దూరం మనిషి కన్ను గుర్తించే తేడాకు చాలావరకు అనుగుణంగా ఉంటుంది. మొదట దూరాన్ని 20 దగ్గర పెట్టి చూడండి. అనవసరమైనవి ఎక్కువగా వస్తుంటే తగ్గిస్తూ పోండి.

వెలుతురును, కాలాన్ని సరిదిద్దుకోండి

తూర్పుముఖంగా ఉన్న మన సముద్రతీరంలో సూర్యోదయవేళ తీసిన ఫోటోల మీద తరచు నారింజ పూత ఉంటుంది. సోడియం దీపాల కింద రాత్రి తీసినవన్నీ పసుపుగా కనిపిస్తాయి. ఇళ్లలోని పాత కలర్ ప్రింట్లను స్కాన్ చేసినప్పుడు మరో ఇబ్బంది: కాలం గడిచేకొద్దీ ఆ ప్రింట్లలోని నీలి-ఆకుపచ్చ రంగుపొర వెలిసిపోవడం వల్ల ఫోటో మొత్తం ఎర్రబడుతుంది. 1970, 80 దశకాల పెళ్లి ఫోటోల్లో తెల్లని మధుపర్కాలు గులాబీరంగుగా కనిపించడానికి తరచు ఇదే కారణం. పెళ్లి ఎరుపు కోసం వెతికే యంత్రం అలాంటి ప్రింటు మొత్తాన్నీ ఎరుపుగానే లెక్కేస్తుంది.

అందువల్ల ఫోటోలో తెల్లగా ఉండవలసిన వస్తువును, ఉదాహరణకు పంచెనో సున్నం వేసిన గోడనో, ఆధారంగా తీసుకుని తెలుపును సరిచేసిన నకలును తయారుచేయండి. వెతకడం ఆ నకలు మీద జరగాలి. అసలు ఫైలును మాత్రం ముట్టుకోవద్దు; వెలిసిపోవడం కూడా ఆ ఫోటో చరిత్రలో భాగమే, రేపు ఎవరికైనా అదే కావలసి రావచ్చు. తేదీల విషయంలోనూ ఇంతే శ్రద్ధ కావాలి. వాట్సాప్ ద్వారా మామూలుగా పంపిన ఫోటోల్లో కెమెరా రాసిన తేదీ ఉండదు, స్కాన్ చేసినవాటిలో స్కాన్ తేదీ ఉంటుంది. కాలాన్ని బట్టి అర్థం మారే రంగుల కోసం వెతికేటప్పుడు ఈ రెండు రకాలనూ పక్కన పెట్టి, కనీసం మాసం, సంవత్సరం చేత్తో రాసిన తర్వాతే కలపండి.

ప్రశ్నకు తగిన పరికరాన్ని ఎంచుకోండి

రంగుతో బొమ్మలు వెతకడం కొత్త ఆలోచన కాదు. ఐబీఎం సంస్థ క్యూబిక్ అనే పద్ధతిని 1990 దశకంలోనే రూపొందించింది. రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియం దాన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టి, చూసేవారు రంగులను ఎంచుకుని చిత్రాలను వెతుక్కునే వీలు కల్పించింది. ఇప్పుడు మనకు మూడు దారులున్నాయి.

గూగుల్ ఇమేజెస్‌లో ఉన్నట్టి రంగు వడపోత త్వరగా పనిచేస్తుంది, కానీ అందులో ఉండేవి పదీ పన్నెండు పెద్ద రంగులే. కావి, చందనం, కుంకుమ వంటి ఛాయలకు అక్కడ చోటు లేదు. మొదటి జల్లెడగా వాడి వదిలేయండి.

సొంత కంప్యూటరులోని ఫోటోలకు డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బాగా ఉపయోగపడుతుంది. అందులో ఒక ఖాళీ పలక మీద మీకు కావలసిన రంగులను కావలసిన చోట్ల ముతకగా పూస్తే, అలాంటి అమరిక ఉన్న ఫోటోలను అది వెతికి తెస్తుంది. పైన నీలం, మధ్యలో ముదురు ఆకుపచ్చ, కింద ఇసుకరంగు పూస్తే కైలాసగిరి, తీరం కలిసిన దృశ్యాలు ముందుకు వస్తాయి.

మూడో దారి మాటలతో అడగడం. 2021లో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన క్లిప్ అనే కృత్రిమ మేధ మోడల్ 40 కోట్ల బొమ్మ-వాక్యం జంటల నుంచి నేర్చుకుంది; "పెళ్లి సందడి" అన్న మాటకూ ఒక ఫోటోకూ మధ్య దగ్గరితనాన్ని అది అంకెగా చెప్పగలదు. ఇలాంటి మోడళ్లతో రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. అది నేర్చుకున్న వాక్యాల్లో ఎక్కువ ఇంగ్లీషువే కాబట్టి మన ఆచారాల రంగులు దానికి సరిగా తెలియవు. బహుభాషా మోడల్‌ను వాడుతున్నా, ఒకే ప్రశ్నను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అడిగి ఫలితాలు పోల్చండి. ఏ రంగు ఏ వస్తువుదో కలిపి పట్టుకోవడంలో కూడా అది తడబడుతుంది: తెల్లగోడ ముందు ఎర్రచీర అని అడిగితే ఎర్రగోడ ముందు తెల్లచీరను కూడా అంతే ధీమాగా చూపిస్తుంది. అందుకే మాటలతో ఒక రెండు వందల ఫోటోలను ముందుకు తెచ్చుకుని, వాటి మీద మీరు కొలిచిన రంగు హద్దులను ప్రయోగించడం ఉత్తమమని నా అభిప్రాయం. ఫోటోలకు కీవర్డులు, అంటే ట్యాగులు, రాసేటప్పుడు పచ్చ అని మాత్రం ఆపకుండా ఆకుపచ్చ, పసుపుపచ్చ అని పూర్తిగా రాయండి. లేకపోతే అరటాకూ వలిసెపువ్వూ ఒకే ట్యాగ్ కిందికి చేరతాయి.

ఎంత మేర, ఏ చోట అన్నది లెక్కలోకి తీసుకోండి

ఫోటో మొత్తానికి కలిపి రంగుల లెక్క వేసే పద్ధతిలో చిన్న వస్తువులు మునిగిపోతాయి. నుదుటి బొట్టు అర్థంలో ఎంత పెద్దదైనా, గుంపు ఫోటోలో అది ఒక శాతం మేర కూడా ఉండదు. ఫోటోను నాలుగు అడ్డవరుసలు, నాలుగు నిలువువరుసలుగా పదహారు గళ్లు చేసి, గడికొక లెక్క వేస్తే కొంత మేలు. బొట్టు వంటివాటికి ముందు ముఖాలను గుర్తించే సదుపాయంతో ముఖభాగాన్ని వేరుచేసి, ఆ భాగంలోనే ఎరుపును వెతకాలి.

పెద్ద దృశ్యాలకు గళ్ల పద్ధతి ఎంత చక్కగా పనిచేస్తుందో హుద్‌హుద్ ఫోటోలతో చూడవచ్చు. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖను తాకినప్పుడు చెట్లు కూలిపోయాయి, నిలిచినవాటి ఆకులు రాలిపోయాయి, కొండలు గోధుమరంగుకు తిరిగాయి. ఇక్కడ గోధుమరంగుకు అర్థం నష్టం. అయితే మే నెల ఎండల్లో కూడా మన కొండలు ఎండిపోయే కనిపిస్తాయి, ఆ గోధుమరంగుకు ఋతువు తప్ప వేరే అర్థం లేదు. కాబట్టి గోధుమరంగు కొండ అని వెతకడం వ్యర్థం. అక్టోబరు అంటే నైరుతి వానలు కురిసి వెళ్లే కాలం, కొండ పచ్చగా ఉండవలసిన కాలం. 2013 అక్టోబరు ఫోటోలను, 2014 అక్టోబరు ద్వితీయార్ధపు ఫోటోలను విడివిడి ఫోల్డర్లలో పెట్టి, కొండ వచ్చే గళ్లలో ఆకుపచ్చ ఎంత శాతమో రెండింటిలోనూ లెక్కించండి. ఒకే చోటు నుంచి తీసిన జంటల్లో ఆ శాతం ఎక్కడ బాగా పడిపోయిందో అవే మీకు కావలసిన ఫోటోలు. ఉండవలసిన రంగు లేకపోవడాన్ని కూడా ఇలా వెతకవచ్చు.

రంగుల మధ్య తేడాతో కూడా అడగవచ్చు

కొన్ని అర్థాలు ఏ ఒక్క రంగులోనూ ఉండవు, రంగుల మధ్య ఎడంలో ఉంటాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన చిత్రకారుడు యోహానెస్ ఇటెన్ రంగుల వైరుధ్యాలను ఏడు రకాలుగా విభజించాడు. వాటిలో వెలుగు-చీకటి, వెచ్చదనం-చల్లదనం, గాఢతలోని తేడా, పరిమాణంలోని తేడా అనే నాలుగూ యంత్రంతో తేలికగా కొలవగలిగినవి. చేపలరేవులో బూడిద-నీలం నీటి మీద ఎరుపు, పసుపు రంగు పూసిన పడవల సందడి కావాలంటే, గాఢత ఎక్కువగా ఉన్న వెచ్చని రంగులు చిన్న ముక్కలుగా, గాఢత తక్కువైన చల్లని రంగు విశాలంగా ఉన్న ఫోటోలను అడగండి. ఏటికొప్పాక లక్కబొమ్మల విషయంలో మరోలా ఉంటుంది; సహజ రంగులతో చేసిన బొమ్మల్లో మెరుపు ఉన్నా రంగు కళ్లలో గుచ్చుకోదు, కాబట్టి గాఢత హద్దును మరీ పైకి పెడితే అసలైనవే తప్పిపోయే ప్రమాదముంది.

ఫలితాలను పరీక్షించండి

మీ సేకరణలోంచి రెండు వందల ఫోటోలను ఏరి, ఏవి మీ ప్రశ్నకు సరిపోతాయో ఇద్దరు మనుషులు ఒకరికొకరు తెలియకుండా గుర్తు పెట్టాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆ ఆచారాన్ని ఇంట్లో పాటించేవారైతే మంచిది. ఇద్దరూ విభేదించిన ఫోటోలను చర్చించి తేల్చండి. అర్థం ఎక్కడ పలచగా ఉందో అక్కడే బయటపడుతుంది. తర్వాత యంత్రాన్ని అడగండి. సరిపోయేవి 50 ఉన్నాయని, యంత్రం 40 చూపిందని, వాటిలో 30 నిజంగా సరైనవని అనుకుందాం. చూపినవాటిలో కచ్చితత్వం 75 శాతం, ఉన్నవాటిలో పట్టుకున్నది 60 శాతం. ప్రదర్శనకు నాలుగు మంచి ఫోటోలు కావలసినవారు మొదటి అంకెను, పరిశోధన చేసేవారు రెండో అంకెను పెంచుకునేలా హద్దులు మార్చుకోవాలి. తప్పిపోయిన 20 ఫోటోలను ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. చాలాసార్లు కారణం వెలుతురు దగ్గరే దొరుకుతుంది.

ట్యాగులు రాసేటప్పుడు చూసినదాన్నీ అనుకున్నదాన్నీ కలపవద్దు

ప్రతి ఫోటోకూ మూడు వేర్వేరు గడులు పెట్టండి. మొదటిదానిలో కనిపించిన రంగు, అది ఉన్న వస్తువు. రెండోదానిలో ఆ సందర్భంలో దాని అర్థం. మూడోదానిలో ఆ అర్థం చెప్పినది ఎవరో, లేదా ఏ ఆధారంతో రాశారో. ఈ మూడో గడి ఖాళీగా ఉంటే రెండోదాన్నీ ఖాళీగానే ఉంచండి.

ఇది మనుషుల విషయం కాబట్టి గట్టిగా చెప్పవలసి ఉంది. తెల్లచీర కట్టుకున్న స్త్రీ ఫోటోకు వితంతువు అని, పసుపు కండువా వేసుకున్న వ్యక్తికి ఫలానా పార్టీ అని, ఆకుపచ్చ తలపాగాను బట్టి మతం పేరు అని రాయడం సమాచారం కాదు, ఊహ. తెల్లచీర నర్సు కట్టుకోవచ్చు, అధ్యాపకురాలు ఇష్టంతో కట్టుకోవచ్చు. అలాంటి ట్యాగ్ ఒకసారి చేరిందంటే వెతికిన ప్రతివారికీ అది నిజంలా కనిపిస్తుంది, యంత్రాలు కూడా దాన్నే నేర్చుకుంటాయి. వ్యక్తుల ఫోటోల్లో వస్త్రం రంగును రాసి ఆగిపోండి. ఉత్సవం, స్థలం, తేదీ తెలిసినప్పుడు వాటిని రాయండి.

ట్యాగులను సాఫ్ట్‌వేర్ తన సొంత జాబితాలో మాత్రమే దాచుకోకుండా ఫోటో ఫైలులోనే రాసేలా అమర్చుకోండి. అప్పుడు ఫోటో మరో కంప్యూటరుకు వెళ్లినా అవి వెంట వెళతాయి. వాటితోపాటు మీరు వాడిన ప్రశ్నవాక్యాన్ని, ఛాయ, గాఢత, వెలుగు హద్దులను, తేదీ వడపోతను, పరీక్షలో వచ్చిన రెండు శాతాలను ఒక చిన్న ఫైలులో రాసి అదే ఫోల్డరులో ఉంచండి. కొత్త కెమెరాతోనో కొత్త ఫోనుతోనో తీసిన ఫోటోలు సేకరణలో చేరినప్పుడు, వాటిలోంచి పది తీసుకుని రంగు విలువలను మళ్లీ కొలిచి, ఆ ఫైలులోని హద్దులను సవరించిన తర్వాతే వెతకండి.